అన్నం మానేస్తే ప్రేమేనా? బైబిల్ వాక్యంలో వెతికితే దొరికింది ఇదీ

మా సండే స్కూల్లో పెద్దపిల్లల క్లాసుకి ఒక పాత హార్లిక్స్ డబ్బా ఉంది. మూతకి కన్నం పెట్టాం, నోటితో అడగడానికి సిగ్గేసే ప్రశ్నలు ఏమైనా ఉంటే చీటీ రాసి అందులో వెయ్యొచ్చు, పేరు రాయక్కర్లేదు. మామూలుగా వచ్చేవి ఏంటంటే కయీనుకి పెళ్ళాం ఎక్కణ్ణుంచి వచ్చింది, సినిమాకెళ్తే పాపమా, పచ్చబొట్టు పొడిపించుకోవచ్చా, ఇవే. మొన్న వానలకి కాలవ గట్టంతా బురదైపోయి సగం మంది రాని ఆదివారం ఒక చీటీ వచ్చింది. "అక్కా, నేను మాట్లాడకపోతే అతను అన్నం తినట్లేదంట, చిక్కిపోయాడని వాళ్ళమ్మగారు కూడా అన్నారు. ఇది నిజమైన ప్రేమే కదా?"

చివర్లో ఆ 'కదా' ఉంది చూశారూ, నేను అక్కడే ఆగిపోయాను. ఆ పిల్ల అడగట్లేదండి, అవుననక్కా అని బతిమాలుతోంది. ఆ వయసులో నేనైనా అదే రాసేదాన్నేమో, ఎందుకంటే చిన్నప్పట్నుంచి సినిమాలు మనకి ఎక్కించింది అదే కదా, ఎవడు ఎక్కువ ఏడిస్తే వాడిది ఎక్కువ ప్రేమ, చెయ్యి కోసుకున్నాడంటే ఇంక తిరుగు లేదు.

అయితే బైబిల్లో ప్రేమ కోసం చిక్కిపోయినవాడు ఒకడున్నాడు. అమ్నోను అని, దావీదు రాజు పెద్దకొడుకు. రెండో సమూయేలు 13వ అధ్యాయం, మన మందిరాల్లో ఎవరూ ప్రసంగం చెయ్యని అధ్యాయం. అమ్నోను తన సవతి చెల్లెలు తామారుని ప్రేమించాడు, బెంగతో జబ్బు పడ్డాడు, పెదనాన్న కొడుకొకడు వచ్చి ఏరా రాజుగారి కొడుకువై ఉండి రోజురోజుకీ ఎందుకిలా చిక్కిపోతున్నావ్ అని అడిగాడు. తర్వాత వాడిచ్చిన సలహా ప్రకారం జబ్బు నటించి, చెల్లెలు వచ్చి రొట్టెలు చేసి తన చేత్తో పెడితే తింటానని, చూడ్డానికొచ్చిన తండ్రితో చెప్పాడు. ఆ పిల్ల వచ్చింది, పిండి పిసికింది, వాడి కళ్ళముందే కాల్చింది, పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. వద్దన్నయ్యా, ఇది చెయ్యకూడని పని, నా పరువేమవ్వాలి, నీ పేరేమవ్వాలి అని బతిమాలింది. వాడు ఆమె మాట వినలేదు అని రాసి ఉంటుంది. బలవంతం చేశాడు. ఆ వెంటనే వచ్చే వచనం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, అంతకుముందు ప్రేమించిన దానికంటే ఎక్కువగా ద్వేషించాడంట, పనివాణ్ణి పిలిచి దీన్ని బయటికి తోసి తలుపు గడియ పెట్టమన్నాడు.

అన్నం మానెయ్యడం కూడా ఉంది గమనించారా అందులో. నువ్వొచ్చి పెడితేనే తింటా. క్లాసులో ఇది చదివించినప్పుడు ఒకమ్మాయి చప్పున నవ్వేసి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చీటీ తనదేనని కాదుగానీ అందరికీ ఎక్కడో తగిలింది.

ఇక్కడ చాలామంది అడ్డుపడతారు, అక్కా అది ప్రేమ కాదు మోహం, అసలైన ప్రేమకి గ్రీకులో వేరే మాట ఉంది అగాపే అని. యూత్ మీటింగుల్లో ఈ పాఠం అందరం విన్నాం, నేను కూడా పదేళ్ళు చెప్పాను, బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి మరీ. ఎరోస్ అంటే శరీర ప్రేమ, ఫిలియా అంటే స్నేహం, స్టోర్గే అంటే ఇంట్లోవాళ్ళ మమకారం, అగాపే అంటే దేవుని ప్రేమ, కాబట్టి పిల్లలూ మీది అగాపేనా కాదా చూసుకోండి, ఆమెన్, ప్రార్థన. వినడానికి బాగుంటుందిగానీ ఆ లెక్క నిలబడదండి. మొదటి సంగతి, ఎరోస్ అనే నామవాచకం గ్రీకులో రాసిన కొత్త నిబంధనలో ఒక్కచోట కూడా లేదు, స్టోర్గే కూడా విడిగా లేదు, దాంతో కలిసిన మాటలు మాత్రం రోమా పత్రికలాంటి చోట్ల ఉన్నాయి. రెండోది అసలు దెబ్బ. క్రీస్తుకి ముందే యూదులు హెబ్రీ లేఖనాల్ని, అంటే మన పాత నిబంధనని, గ్రీకులోకి మార్చుకున్నారు, సెప్టువాజింట్ అంటారు దాన్ని, అందులో అమ్నోను తామారుని ప్రేమించాడన్న చోట వాడిన మాట ఏంటనుకున్నారు, అగాపేనే. యోహాను 3లో మనుషులు వెలుగుకంటే చీకటిని ప్రేమించారు అన్న చోట కూడా ఆ మాటే. అపొస్తలుడైన పౌలుని వదిలేసి పోయిన తోటి పనివాడు దేమా ఈ లోకాన్ని ప్రేమించాడన్న చోటా ఆ మాటే. అటు చూస్తే తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని యోహాను 3:35లో అగాపే, 5:20లో ఫిలియో, అదే తండ్రి, అదే కుమారుడు.

మన గోదారోళ్ళకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. వరదల సీజన్లో యానాంలోనో రావులపాలెం దగ్గరో బుట్ట ముందు కూర్చున్నవాడు ఏ చేపనైనా పులసే అంటాడు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకునేవాళ్ళం కాబట్టి ఆ పేరుకే డబ్బులిచ్చేస్తాం. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, ఎర్రనీటికి ఎదురీది పైకి వచ్చినదే పులస, పైకి చూస్తే రెండూ ఒకటే చేప. ఒడిశా నుంచి ఐసు పెట్టెలో దిగిన ఇలస కూడా పులస పేరుతోనే అమ్ముడుపోతుంది. పేరు చూసి కొన్నవాడు ఇంటికెళ్ళి పులుసు పెట్టాక తెలుసుకుంటాడు. ఐ లవ్యూ అనే మాటైనా, అగాపే అనే మాటైనా బుట్ట మీద రాసిన పేరే, లోపలున్నది దేనికి ఎదురీదింది అనేది వేరే చూసుకోవాలి.

మరి ఎలా చూసుకోవాలి అంటే, అమ్నోను కథలోనే జవాబుంది, చాలాకాలం నాకూ కనపడలేదు. వాడు ప్రేమించాడు అన్నది అబద్ధం కాదు, ఆ బెంగ అబద్ధం కాదు, చిక్కిపోవడం కళ్ళకి కనపడేదే. కథ తిరిగింది ఎక్కడంటే తామారు 'వద్దు' అన్న చోట. అప్పటిదాకా వాడు ఎలాంటివాడో ఆమెకి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే అప్పటిదాకా వాడు అడిగింది అడిగినట్టు జరిగింది. అందుకే ఎవరైనా నన్ను అక్కా ఇది ప్రేమేనా అని అడిగితే ఈ మధ్య తిరిగి నేను అడిగేది ఒకటే, నువ్వు ఎప్పుడైనా దేనికైనా వద్దన్నావా, అన్నప్పుడు ఏం జరిగింది?

దీనికి సరిగ్గా అవతలి గట్టు మీద, రూతు గ్రంథంలో, బోయజు ఉంటాడు. రూతు రాత్రిపూట ఒంటరిగా ఆయన కళ్ళంలోకి వచ్చింది, పేద విధవరాలు, పరాయి దేశస్తురాలు, చుట్టూ ఎవరూ లేరు, పైగా నన్ను పెళ్ళాడమని తనే అడుగుతోంది. వాడు సరేననేసి ఉంటే అడిగేవాడు లేడు. బోయజు ఏమన్నాడంటే నాకంటే దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నాడు, విధవరాలైన నిన్ను పెళ్ళాడే ముందు హక్కు ఆయనది, పొద్దున్నే అడుగుతాను అన్నాడు. అంటే ఈమె తన చెయ్యి జారిపోయే దారి తనే తెరిచాడన్నమాట. తెల్లారకుండా ఆమె పరువు పోకుండా పంపించాడు, ఒట్టి చేతుల్తో పంపకుండా ఆరు కొలతల యవలు కొలిచి పంపాడు, అత్తగారి దగ్గరికి. తర్వాత ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు కూర్చుని తేల్చుకున్నాడు. చాటుగా ఏదీ లేదు. మా పిల్లల్లో చాలామందికి ఈ కథ బోరు, రొమాన్సు లేదంటారు. సరేలెండి, ఆ వయసు అలాంటిది.

ఇప్పుడు ప్రేమ పేరుతో వచ్చే రెండో రకం చూద్దాం, ఇది అబ్బాయిలు కూడా వినాలి. "నా మీద ప్రేముంటే నీ ఫోన్ లాక్ చెప్పు." "ప్రేముంటే లొకేషన్ ఆన్ చేసి పెట్టు." "ప్రేముంటే ఆ ఫ్రెండ్‌ని బ్లాక్ చెయ్." ఈ డైలాగు మూడువేల ఏళ్ళ పాతది. న్యాయాధిపతులు 16లో దెలీలా తనని ప్రేమించిన సమ్సోనుతో అన్నది అదే, నీ మనసు నాకివ్వనప్పుడు నన్ను ప్రేమిస్తున్నానని ఎలా అంటావ్ అని. ఆమె అడిగింది కూడా పాస్‌వర్డే, నీ బలం ఎక్కడుందో చెప్పమని. రోజూ అదే పోరు పెట్టి పెట్టి వాడి ప్రాణం విసిగి చావాలనిపించేదాకా తెచ్చిందని రాసుంది. చెప్పాడు. వాడి శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు ఇస్తామన్న పదకొండు వందల వెండి నాణేలు తెచ్చి చేతిలో పెట్టారు. ఇందులో నాకు ఎప్పుడూ వింతగా అనిపించేది ఏంటంటే, అంతకుముందు మూడుసార్లు వాడు తప్పుడు రహస్యం చెప్తే మూడుసార్లూ ఆమె వాణ్ణి పట్టించబోయింది, అయినా నాలుగోసారి నిజం చెప్పాడు. అంత బలవంతుడు. మనం ఎవరం లెండి నవ్వడానికి, వారంలో మూడుసార్లు బ్లాక్ చేసి మళ్ళీ తీసేవాళ్ళం.

మూడో రకం మన విశ్వాసుల ఇళ్ళకే ప్రత్యేకం. "సిస్టర్, నేను ఉపవాస ప్రార్థనలో ఉండగా దేవుడు నీ పేరు బయలుపరిచాడు." ఇది విన్న ఆడపిల్లలు మా డెల్టాలో ఒక బస్సుకి సరిపోతారు. నాకూ ఒకసారి అయింది, డిగ్రీ సెకండియర్లో, కన్వెన్షన్ పందిరి వెనకాల చేతులు కడుక్కునే కుళాయి దగ్గర. అవతల దేవుడి పేరు చెప్తున్నాడు కదా, కాదంటే దేవుణ్ణి కాదన్నట్టే అవుతుందేమోనని నెల రోజులు నిద్రలేదు. మా అమ్మ కనిపెట్టి, విషయం విని, ఒకే మాటంది. మరియమ్మకి యేసు పుడతాడని దూత వచ్చి చెప్పాడు కదా, ఆ సంగతి యోసేపుకి మరియమ్మ చేత చెప్పించాడా, లేక ఆయనకి విడిగా కలలో చెప్పాడా? అంది. నిజమేనండి. లూకాలో గబ్రియేలు మరియ దగ్గరికి వచ్చాడు, ఆమె ఇదెలా జరుగుతుందని ప్రశ్న అడిగింది, జవాబు చెప్పించుకుంది, తర్వాత సరేనంది. మత్తయిలో యోసేపుకి వేరే కల. ఇంత పెద్ద పనికే దేవుడు ఇద్దరికీ విడివిడిగా చెప్పినప్పుడు, నీ పెళ్ళి సంగతి నీకు చెప్పకుండా అవతలివాడికి మాత్రమే ఎందుకు చెప్తాడు? మర్నాడు ఆ బ్రదర్‌తో నాకింకా చూపించలేదండి అన్నాను. అప్పట్నుంచి నాకు వందనాలు చెప్పడం మానేశాడు, దాంతో నాకు జవాబు పూర్తిగా దొరికింది.

యోసేపు పేరొచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఆయన గురించి క్రిస్మస్ నాటకంలో గడ్డం పెట్టుకుని గాడిద పక్కన నిలబడటం తప్ప మనం ఆలోచించం. ప్రధానం అయిపోయింది, పెళ్ళి కాలేదు, పిల్ల గర్భవతి. కల ఇంకా రాలేదు. ఆయనకి తెలిసినంతవరకు తను మోసపోయాడు. ఊరందరిలో పెట్టి అల్లరి చేసే హక్కు ధర్మశాస్త్రం ప్రకారం ఆయనకుంది. అప్పుడు కూడా ఆమెని బజారుకీడ్చడం ఇష్టంలేక గుట్టుగా విడిచిపెట్టాలనుకున్నాడు అంటాడు మత్తయి. బ్రేకప్ అవగానే ఫోటోలు స్టేటస్‌లో పెట్టేవాళ్ళు, చాట్ స్క్రీన్‌షాట్లు ఫ్రెండ్సు గ్రూపులో తిప్పేవాళ్ళు ఉన్న ఈ రోజుల్లో, కోపం వచ్చినప్పుడు కూడా నా పరువు ఇతని చేతిలో భద్రంగా ఉంటుందా అన్నది అడిగి చూసుకోవాల్సిన ప్రశ్నే. బాగున్నప్పుడు అందరూ యోసేపులే.

ఇక పెళ్ళిళ్ళలో తప్పకుండా చదివే మొదటి కొరింథీ 13. ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును. మా చుట్టుపక్కల ఏ కల్యాణమండపానికెళ్ళినా బిర్యానీ వాసన వచ్చే టైముకి సరిగ్గా ఇది వినపడుతుంది. కానీ పౌలు దీన్ని పెళ్ళికొడుకు పెళ్ళికూతురు కోసం రాయలేదు. కొట్టుకుంటున్న ఒక సంఘానికి రాశాడు. వాళ్ళు ఒకరి మీద ఒకరు కోర్టుకెళ్తున్నారు, నా వరం గొప్పదంటే నా వరం గొప్పదంటున్నారు, ప్రభువు బల్ల దగ్గర, అంటే సంఘమంతా కలిసి రొట్టె తీసుకునే చోట, డబ్బున్నవాళ్ళు ముందే వచ్చి తినేసి తాగేస్తుంటే కూలి చేసుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆకలితో కూర్చుంటున్నారు. 6, 11, 12 అధ్యాయాల్లో ఆ తిట్లన్నీ తిట్టి 13లోకి వచ్చాడు. మత్సరపడదు, డంబముగా ప్రవర్తింపదు, ఉప్పొంగదు అన్నవి కవిత్వం కాదండి, ఒక్కో మాటా అక్కడ ఒక్కొక్కడి వీపు మీద పడ్డ దెబ్బ. అందుకే ఇది ప్రేమించుకుంటున్న ఇద్దరి మధ్య ఎలా ఉందో చూడ్డమే కాదు, ఆ మనిషి మందిరంలో పెట్టే ప్రేమవిందులో విస్తళ్ళు ఎత్తే అమ్మతో ఎలా మాట్లాడుతున్నాడు, ఆటో అతనితో చిల్లర దగ్గర ఎలా ఉంటున్నాడు అన్నది కూడా చూసుకోవడానికి పనికొస్తుంది. నీతో తేనెలా మాట్లాడేవాడు వాళ్ళమ్మని ఏమే అంటున్నాడంటే నీకు వచ్చే మాట కూడా అదే, కాకపోతే కొంచెం లేటు.

ఇదే అధ్యాయంలోని ఇంకో ముక్కతో మన ఆడవాళ్ళ నోళ్ళు కుట్టేస్తుంటారు. "అన్నిటికి తాళుకొనును." మొగుడు తాగొచ్చి కొడితే పాస్టరుగారి దగ్గరికెళ్తుంది, ఆయన ప్రార్థన చేసి తాళుకో అమ్మా, క్షమించు, ప్రేమ అన్నిటికీ తాళుకుంటుంది అని చెప్పి పంపిస్తాడు. అందరూ అలా చెప్పరు, కానీ చెప్పేవాళ్ళని నేను చూశాను. ఆ పక్కనే దుర్నీతి విషయమై సంతోషపడదు అని ఉంది, అది మాత్రం చదవరు. ఎఫెసీ 5:22లో భార్యలు లోబడాలని ఉంది కదా అంటారు, దానికి ముందు 21లో ఒకరికొకరు లోబడండి అని ఉంది, కొన్ని పాత గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో ఆ క్రియాపదమే లేదు, 21 నుంచి తెచ్చుకుని చదువుకోవాలి. ఆ తర్వాత భర్తలకి చెప్పింది సంఘం కోసం క్రీస్తు ప్రాణం పెట్టినట్టు ప్రేమించమని. ప్రాణం పెట్టమన్నాడు, తియ్యమన్లేదు.

క్షమించడం అంటే తిరిగి ఆ ఇంట్లోకి వెళ్ళి కూర్చోవడమేనా అన్నదానికి నాకు దావీదు, సౌలుల కథకంటే బాగా చెప్పేది ఇంకోటి దొరకలేదు. దావీదుకి ముందు రాజు సౌలు. మొదట్లో సౌలుకి దావీదంటే చాలా ఇష్టం, అది కూడా రాసుంది. ఆ ఇష్టపడ్డ చెయ్యే దావీదు వీణ వాయిస్తుంటే గోడకి గుచ్చుకునేలా ఈటె విసిరింది, ఒక్కసారి కాదు. దావీదు తప్పుకున్నాడు, ఆఖరికి ఇల్లొదిలి పారిపోయాడు. తర్వాత సౌలుని చంపే ఛాన్సు రెండుసార్లు వచ్చింది, గుహలో ఒకసారి, కొండ మీద నిద్రపోతుంటే ఇంకోసారి, రెండుసార్లూ వదిలేశాడు. అంటే క్షమించాడు, పగ పెట్టుకోలేదు. సౌలు గట్టిగా ఏడ్చాడు కూడా. రెండోసారైతే, నాయనా దావీదా, పాపం చేశాను, వెనక్కి వచ్చెయ్, ఇంక నీకు కీడు చెయ్యను అన్నాడు. అప్పుడు దావీదు చేతిలో సౌలు ఈటె ఉంది, నిద్రలో ఉండగా తలదగ్గర్నుంచి తెచ్చినది. దావీదు ఏమన్నాడంటే, ఇదిగో రాజా నీ ఈటె, నీ కుర్రాళ్ళలో ఎవరినైనా పంపించు, వచ్చి తీసుకెళ్తాడు అన్నాడు.

తను తీసుకెళ్ళలేదు. అవతల కొండ మీద, దూరంగా నిలబడే మాట్లాడాడు. ఏడుపు చూశాడు, మాట విన్నాడు, క్షమించాడు, తన దారిన తను వెళ్ళిపోయాడు, ఆ తర్వాతి అధ్యాయం మొదటి వచనంలోనే ఏదో ఒకరోజు ఈ సౌలు చేతిలో చస్తాను అనుకుని సరిహద్దు దాటేశాడు. దేవుని హృదయానుసారుడని పేరున్న మనిషి. ఆయన్ని ఎవరూ విశ్వాసం తక్కువైందనలేదు. పౌలునైనా దమస్కులో గోడ మీంచి గంపలో దింపేశారు, ఆయన కూర్చుని అన్నిటికీ తాళుకోలేదు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు చెప్తాను, మందిరంలో ఎవరూ చెప్పరు కాబట్టి. కొట్టడం ఒక్కటే కాదు, బూతులు తిట్టడం, డబ్బులివ్వకుండా ఏడిపించడం కూడా 2005 గృహహింస చట్టం కిందికి వస్తాయి, 181కి ఫోన్ చెయ్యొచ్చు, ప్రాణం మీదికొస్తే 112. ఇంకోటి, మన క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టంలో భర్త వేధిస్తున్నాడన్న ఒక్క కారణం మీద భార్యకి విడాకులొచ్చేవి కాదు, 2001లో సవరించాక వస్తున్నాయి. అంతవరకు తాళుకోమని చట్టం కూడా చెప్పిందన్నమాట. వివాహ బంధం తెంచుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, అది నా పని కాదు. ఈటె తగలనంత దూరం జరగడం పాపం కాదని మాత్రం చెప్తాను. ప్రేమలో భయముండదు అని యోహాను రాశాడు, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే పిల్లలు మంచం కిందకి దూరే ఇంట్లో ఉన్నదానికి వేరే పేరు వెతుక్కోవాలి.

తల్లిదండ్రుల ప్రేమకి కూడా ఇదే పరీక్ష పెట్టొచ్చా అని ఒకబ్బాయి అడిగాడు, పెట్టాలి అన్నాను. పిల్ల వద్దంటే ఏం జరుగుతుంది? మా దగ్గర ఒక్కో ఊళ్ళో మూడేసి మందిరాలు, 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌ల కాలం నాటి గోదావరి డెల్టా మిషన్ సహవాసాలు కొన్ని, లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ, పెంతెకొస్తు. సంబంధం నచ్చకపోతే వాళ్ళ సంఘం వేరండీ, బోధ వేరండీ అంటారు పైకి. అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి అన్న వచనం తీస్తారు, అవతలివాళ్ళు వీళ్ళకంటే ముందే బాప్తిస్మం తీసుకున్న కుటుంబమైనా సరే. లోపల ఉన్నది కులం, అందరికీ తెలుసు, ఎవరూ పలకరు. మోషే కూషు దేశపు ఆవిణ్ణి, అంటే పరాయి జాతి ఆవిణ్ణి, పెళ్ళాడితే వాళ్ళక్క మిర్యాము సణిగిందని, ఆ సణిగిన నోటికి దేవుడు ఏడు రోజులు పాళెం బయట కూర్చునే శిక్ష వేశాడని సంఖ్యాకాండం 12లో ఉంది, దాన్ని సంబంధాలు చూసేటప్పుడు తియ్యరు. కట్నం గురించి నేను ఎక్కువ రాయను, రాస్తే ఆగను. రాహేలు కోసం ఏడేళ్ళు గొర్రెలు కాసి, ఆమె చేతికొచ్చాక ఇంకో ఏడేళ్ళు కాసిన యాకోబు కథ చెప్పి, ఇందులో కట్నం ఎవరు ఎవరికిచ్చారో చెప్పండర్రా అని అబ్బాయిల్ని అడుగుతాను, ఆ రోజు క్లాసు తొందరగా అయిపోతుంది.

ఇన్ని తప్పుడువి చెప్పావు, అసలుది చూపించక్కా అంటారు. నాకు తెలిసింది మా ఇల్లే. మా అమ్మ కువైట్ వెళ్ళినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. మా వైపు ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి అలా వెళ్ళడం మామూలే. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. ఆరేళ్ళు ఆయనే వండాడు, ఆయనే ఉతికాడు, నాకు జడ వెయ్యడం రాక లేసు అల్లే మా పెద్దమ్మ దగ్గర కూర్చుని మూడు పాయలు ఎలా తిప్పాలో నేర్చుకున్నాడు, చెట్లెక్కే చేతులు కదా, జుట్టు బరబరా లాగేవాడు, బడికెళ్ళేసరికి నా కళ్ళల్లో నీళ్ళు. ఆడదాని సొమ్ము తింటున్నాడని రేవులో, టీ కొట్టు దగ్గర అనేవారు, ఆయనకీ వినపడేది. అమ్మ వచ్చిన రాత్రి ఆయన పెట్టెలోంచి ఒక లెక్కల పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఏ నెల ఎంతొచ్చింది, బడి ఫీజు ఎంత, తమ్ముడి జ్వరానికి ఎంత, ఇంటి రేకులకి ఎంత, అంతా రాసుంది. ప్రతి నెలా చివర ఒక లైను: "బీడీలు, నా కూలిలోంచి." అమ్మ ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంది. వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఐ లవ్యూ చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. కోట్లాడుకోవడం బాగానే విన్నాను, అమ్మకి నాన్న వంట ఇప్పటికీ నచ్చదు. స్వప్రయోజనమును విచారించుకొనదు అన్న చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఆ బీడీల లైనే కనపడుతుంది.

ఆ చీటీ సంగతి. డబ్బాలో తిరిగి వేసేటప్పుడు వెనకాల రాశాను, "ఈ వారం ఏదో ఒక చిన్నదానికి వద్దని చెప్పు. పెద్ద గొడవేం పెట్టుకోకు, చిన్నదానికే. ఏం జరిగిందో వచ్చే ఆదివారం రాసి వెయ్." చీటీ రాసినమ్మాయి ఎవరో నాకు ఈపాటికి తెలుసు, తనకి తెలుసు నాకు తెలుసని, ఇద్దరం డబ్బా ద్వారానే మాట్లాడుకుంటున్నాం, ఇక్కడ రాసుకోమన్నది కూడా డబ్బా ద్వారానే.

ఆదివారం వచ్చింది. అదే చీటీ, మిగిలిన ఖాళీలో రాసింది. "పేరుపాలెం బీచికి రానన్నానక్కా, ఎగ్జామ్ ఉందని. అన్నం తింటున్నాడంట. నాతోనే నాలుగు రోజుల్నుంచి మాట్లాడట్లేదు, డీపీ తీసేశాడు." కింద అంచు మీద, ఇంకో రంగు పెన్నుతో, తర్వాతెప్పుడో రాసినట్టుంది: "ఆ ఈటె కోసం ఎవరైనా వచ్చారా అక్కా చివరికి?"

ఇంటికొచ్చి మొదటి సమూయేలు 26 మళ్ళీ చదివాను. వచ్చినట్టు రాయలేదు.